ఓటు బ్యాంకు మేమైతే, అసలు బ్యాంకు ఎవరిది?

ఎన్నికలు వచ్చాయంటే చాలు, మా ఆఫీసులో నా బల్ల దగ్గరికి ఎవరో ఒకరు కుర్చీ లాక్కుని కూర్చుంటారు. "భాయ్, ఈసారి మీ వాళ్లంతా ఎటు?" అంటారు. అడిగేవాళ్లలో చెడ్డవాళ్లు లేరు. నాతో కలిసి నాంపల్లి ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్లే, రంజాన్‌లో హలీమ్ ఎక్కడ బాగుంటుందో నాకే చెప్పేవాళ్లే. "మా ఇంట్లో ఆరు ఓట్లున్నాయి, అవే మూడు దిక్కులకు పోతాయి. మా ఆవిడ ఎవరికేసిందో ఇరవై ఏళ్లుగా నాకే తెలీదు" అంటాను. నవ్వుతారు. నమ్మరు.

మేం ఓటు బ్యాంకు. ఈ మాటని మాకు తగిలించి ఎన్నాళ్లయిందో గానీ, పుట్టినప్పుడు దీనికీ మాకూ సంబంధం లేదు. 1955లో సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు ప్రాంతపు ఒక పల్లె గురించి రాస్తూ ఈ మాట వాడారు. ఊరి పెద్ద చెప్పుచేతల్లో, అతని భూమి మీదా అప్పు మీదా బతికేవాళ్ల ఓట్లు అతని ఖాతాలో జమ ఉంటాయని ఆయన చెప్పింది. అంటే బ్యాంకు ఊరి పెద్దది, జనం అందులో డిపాజిట్. తర్వాత తర్వాత ఊరి పెద్ద మాటలోంచి తప్పుకున్నాడు, డిపాజిట్టునే బ్యాంకు అనడం మొదలైంది. ఎంత సుఖం! అప్పిచ్చినవాడు మాయం, తాకట్టు పడ్డవాడు దోషి.

దీనికి జోడీగా ఇంకో మాట ఉంది. "మీరు ఏలినోళ్లు గదా, నిజాం సొమ్మంతా ఏమైంది?" మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడమని మేం ఎన్నడూ ఎవర్నీ అడగలేదు. మా తాత తాగింది గుర్రపు సాలలో ఇచ్చిన మజ్జిగ. ఆయన ఒక దేవిడీలో సాయీసు. మా నానీమా వెండి కడియాలు సుల్తాన్ బజార్‌లో ఒక తాకట్టు దుకాణానికి పోయి, వడ్డీ కట్టలేక అక్కడే ఉండిపోయాయి. వడ్డీ హరామ్ అని మా ఇంట్లో అందరికీ తెలుసు. పుచ్చుకోవడం హరామే, మేం ఎన్నడూ పుచ్చుకోలేదు. ఇవ్వడం మాత్రం తప్పలేదు.

నిజాం సొమ్ము ఏమైందన్న ప్రశ్నకి జవాబు నాకు ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. దుకాణాలు మూసి ఉండే పూట అక్కడ పాత పుస్తకాలు పరుస్తారు గదా, ఆ కుప్పలో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం. 1820లో హైదరాబాద్‌కు రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ జీవితం. మొదట బేరం కోసం తిరగేశాను. తర్వాత ఫుట్‌పాత్ మీదే కూర్చుని చదివాను.

ఆబిడ్స్ నుంచి కోఠీకి నడిచిపోయేంత దూరం. అక్కడ కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ మేడ ఇప్పటికీ ఉంది. ఆడపిల్లల కాలేజీగా ఎన్నో తరాలకు చదువు చెప్పింది, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. పంతొమ్మిదో శతాబ్దం తొలి రోజుల్లో నిజాం రాజ్యాన్ని నడిపింది ఆ మేడ. దానికి ఆనుకుని వ్యాపారం చేసింది విలియం పామర్ అండ్ కంపెనీ. 1814లో మొదలైన ఈ బ్యాంకింగ్ సంస్థ కథని మన చరిత్ర పాఠాల్లో ఒక్క పేరాతో సరిపెడతారు. నాకైతే ఇది హైదరాబాద్ రాజకీయాలకు అచ్చమైన మొదటి పాఠం అనిపిస్తుంది.

ఆ కంపెనీలో ఎవరెవరున్నారో చూడండి. విలియం పామర్ తండ్రి ఇంగ్లీషు జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ అనే మొగల్ ఇంటి బేగం. ఇంకో భాగస్వామి బంకటీదాస్ గుజరాతీ సావుకారు. మరొకడు సర్ విలియం రంబోల్డ్ ఇంగ్లీషు బారొనెట్, గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ పెంచి పెద్దచేసిన పిల్లకి భర్త. రెసిడెన్సీ ఉద్యోగుల్లో కొందరి పెట్టుబడులు కూడా ఇందులో ఉండేవి. అప్పు తీసుకునే వైపు సికందర్ జా నిజాం, పేరుకి దివాన్ మునీరుల్ ముల్క్, అసలు పెత్తనం పేష్కార్ చందూలాల్ ఖత్రీది. మన నాయకులు గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చే జాతీయ సమైక్యత ఆ కంపెనీలో సంపూర్ణంగా ఉంది! ముస్లిం, హిందూ, కిరస్తానీ, సగం సగం వాళ్లు, అందరూ ఒక్క లెక్కల పుస్తకం చుట్టూ కూర్చున్నారు. వాళ్ల మధ్య గొడవలొచ్చాయి గానీ అవి మతం గురించి రాలేదు.

అప్పు ఎందుకు కావలసి వచ్చింది? రాజ్యంలో ఇంగ్లీషు అధికారుల కింద ఒక సైన్యం పెట్టారు. రెసిడెంట్ హెన్రీ రస్సెల్ పేరుతో రస్సెల్ బ్రిగేడ్ అని పిలిచేవాళ్లు, తర్వాత అదే నిజాం కంటింజెంట్‌గా పెరిగింది. జీతాలు నిజాం ఇవ్వాలి, హుకుం రెసిడెంటుది. ఖజానాలో నగదు లేదు. పామర్ కంపెనీ ముందు జీతాలిస్తుంది, దానికి బదులు జిల్లాల శిస్తు రాసిస్తారు. వడ్డీ ఏడాదికి నూటికి 24, 25. వడ్డీ కట్టలేకపోతే అదీ అసలులో కలుస్తుంది. సైన్యం కావాలని పట్టుబట్టేదీ రెసిడెన్సీ, దాని జీతాలకు అప్పిచ్చే కంపెనీని కాచేదీ రెసిడెన్సీ. రాసిచ్చిన జిల్లాల్లో శిస్తు వసూలుకి వెళ్లినవాడు ఏ గుడిసె ముందు నిలబడ్డాడో, ఆ గుడిసెలో నమాజు చేసేవాళ్లున్నారో దీపం పెట్టేవాళ్లున్నారో లెక్కల పుస్తకంలో ఆ కాలమ్ లేదు.

దీనికి చట్టం అడ్డం ఉంది. దేశీయ రాజులకు ఇంగ్లీషువాళ్లు అప్పులివ్వరాదని 1797లోనే బ్రిటిష్ పార్లమెంటు నిషేధం పెట్టింది. అర్కాట్ నవాబు అప్పుల భాగోతం చూశాక తెలివి తెచ్చుకున్నారు. అయితే ఆ చట్టంలోనే ఒక కిటికీ ఉంచారు. గవర్నర్ జనరల్ గానీ, డైరెక్టర్లు గానీ ఒప్పుకుంటే ఇవ్వొచ్చు. 1816లో పామర్ కంపెనీకి ఆ అనుమతి వచ్చింది. గవర్నర్ జనరల్ ఎవరు? రంబోల్డ్ భార్యకు తండ్రి వంటివాడు. చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు, దయచేసి గమనించాలి.

1820లో ఇంకా పెద్ద బేరం కుదిరింది. నిజాం సర్కారుకి 60 లక్షల అప్పు. సిపాయిల బకాయిలు తీర్చడానికి, రైతులకు తకావీ ఇవ్వడానికి అన్నారు. కలకత్తాలో గవర్నర్ జనరల్ కౌన్సిల్లో అభ్యంతరాలు వచ్చినా హేస్టింగ్స్ పట్టుదలతో మంజూరైంది. మెట్‌కాఫ్ వచ్చి తవ్వితే తేలిందేమిటంటే, ఖజానాకి నిజంగా చేరింది 52 లక్షలు. మిగతా 8 లక్షలు కంపెనీ బోనస్‌గా పట్టుకుంది. రైతుల పేరు చెప్పి తెచ్చిన అప్పులో చాలాభాగం పాత అప్పు లెక్కలోనే సర్దుబాటయింది. ఈ పద్ధతిని నిన్నమొన్నటి ప్రభుత్వాలు కనిపెట్టాయని మనం తిడుతుంటాం, పాపం.

మెట్‌కాఫ్ మహానుభావుడేమీ కాదు. అతనికి కావలసింది కంపెనీ బహదూర్ పట్టు, దాని మధ్య ప్రైవేటు సావుకారు అడ్డం ఉండకూడదు, అంతే. ఏమైనా అతను రాసిన రిపోర్టులతో కలకత్తా, లండన్ అదిరాయి. హేస్టింగ్స్ 1823 జనవరిలో ఇంటిదారి పట్టాడు. 1824లో పామర్ కంపెనీ దివాలా తీసింది. 1825లో లండన్‌లో ఈస్టిండియా కంపెనీ వాటాదారుల సభ రోజుల తరబడి దీని మీద వాదించింది. హేస్టింగ్స్ నిజాయితీకి మచ్చ లేదని తేల్చింది. నిజాయితీ అప్పుడూ ఇప్పుడూ అట్లాగే తేలుతుంది.

అసలు సంగతి ఇదీ కాదు. పామర్ కంపెనీ బాకీ ఎట్లా తీరింది? నా తెలుగు పాఠకులు ఇక్కడ కాస్త ఆగాలి. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న ఉత్తర సర్కారుల్ని 1760ల ఒప్పందాలతో నిజాం ఇంగ్లీషు కంపెనీకి వదిలాడు. బదులుగా కంపెనీ ఏటా పేష్కష్ కట్టాలి. 1823 నాటికి అది ఏడాదికి 7 లక్షలు. కోస్తాకీ హైదరాబాద్‌కీ మధ్య మిగిలిన చివరి పోగు అదొక్కటే. మెట్‌కాఫ్ కాలంలో ఆ పేష్కష్ హక్కుని శాశ్వతంగా అమ్మేశారు. నూటికి ఆరు చొప్పున లెక్కగట్టి 1,16,66,666 రూపాయలకు. ఆ డబ్బు పామర్ కంపెనీ అప్పుకి చెల్లు. అంటే ఒకే భాష మాట్లాడే రెండు ప్రాంతాల మధ్య ఉన్న చివరి లెక్క, ఒక బ్యాంకు ఖాతా మూయడానికి ఖర్చయింది. 1956లో రెండూ కలిసినప్పుడూ, 2014లో విడిపోయినప్పుడూ ఎన్ని వేల వ్యాసాలు వచ్చాయి! ఒక్కదాంట్లోనైనా పామర్ పేరు నాకు కనపడలేదు. నిజాం మాత్రం అన్నింట్లో ఉన్నాడు, ఆయన వెనక మేం నిలబెట్టబడి ఉన్నాం.

సైన్యం మిగిలింది. దాని జీతాల బాకీ మళ్లీ పెరిగింది, ఈసారి నేరుగా కంపెనీ బహదూర్‌కే. 1853లో దానికింద బేరార్ పోయింది.

ఇక ఆబిడ్స్ దగ్గరికి వద్దాం. ఆ పేరు ఆల్బర్ట్ ఆబిద్‌ది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు బట్టలూ నగలూ చూసిపెట్టే అర్మీనియన్ నౌకరు, తర్వాత దుకాణదారు. నిజాం మరిచిపోయిన వస్తువుల్ని మళ్లీ ఆయనకే అమ్మేవాడని బస్తీల్లో కథలు చెబుతారు. నిజమో కాదో గానీ, చాలా సర్కారు కొనుగోళ్లకు ఈ కథ సరిపోతుంది. 1891లో సిమ్లా నగల వర్తకుడు జాకబ్ వజ్రాన్ని నిజాంకు అమ్మజూపితే, ఆ బేరం కలకత్తా హైకోర్టుకెక్కింది. ఆ గొడవ మధ్యలోనూ ఆబిద్ ఉన్నాడు. ఈ ఊళ్లో రాజుల పేర్లు మార్చారు, వీధుల పేర్లు మార్చమంటున్నారు. దళారీ పేరు మాత్రం ఎవరూ మార్చమనలేదు.

వజ్రం కన్నా బొగ్గు కథ పెద్దది. 1886లో నిజాం రాజ్యంలో గనుల హక్కు 99 ఏళ్లకు ఇద్దరు ఇంగ్లీషు వాళ్లకిచ్చారు. పేర్లు వాట్సన్, స్టూవర్ట్. లండన్‌లో పది లక్షల పౌన్ల మూలధనంతో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు. పది పౌన్ల వాటాలు లక్ష. అందులో 85 వేల వాటాలు పూర్తిగా చెల్లించినట్టు రాసుకుని హక్కుదారులకే ఇచ్చేశారు. నిజాం తరఫున బేరం చేసిన హోం సెక్రటరీ అబ్దుల్ హక్, సర్దార్ దిలేర్ జంగ్, అదే కంపెనీ వాటాలు పదివేలు ఒక్కొక్కటి 12 పౌన్లకు నిజాం సర్కారు చేత కొనిపించాడు. ఆ వాటాలు హక్కుదారుల సంచిలోవే. 1888లో బ్రిటిష్ పార్లమెంటులో సెలెక్ట్ కమిటీ కూర్చుంది, అబ్దుల్ హక్ ఉద్యోగం పోయింది. ఇల్లెందు బొగ్గు మాత్రం రైలెక్కుతూనే ఉంది. ఆ కంపెనీయే తర్వాత సింగరేణి అయింది.

అబ్దుల్ హక్ మావాడే గదా అంటారేమో. అవును. మా పేరున్నవాడే. బంకటీదాస్ మీవాడవునా? ఇల్లెందు గనిలో దిగిన కూలీకి అబ్దుల్ హక్ ఎంత దగ్గరో, అఫ్జల్‌గంజ్‌లో మూటలు మోసే హమాలీకి బంకటీదాస్ అంత దగ్గర. నేను ఈ పేర్లన్నీ ఎత్తింది ఒక మతం సావుకార్లని ఇంకో మతం పేదలకు చూపించడానికి కాదు. ఆ పని చేసిపెట్టేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల దగ్గర మైకులున్నాయి.

అమెరికా సంగతి మనకు ఈ మధ్య బాగా తెలుస్తోంది. ఇంటికొక పిల్లో పిల్లాడో అక్కడున్నారు. అక్కడ చట్టసభ వసారాలో కాచుకుని పని చేయించుకునేవాళ్లకు లాబీయిస్టులని పేరు, రిజిస్ట్రేషన్, ఆఫీసు అన్నీ ఉంటాయి. కంపెనీలు ఎన్నికల్లో చందాలివ్వకూడదని 1907లోనే చట్టం చేశారు, మన నాంపల్లి స్టేషన్ కట్టిన ఏడే. 2010లో అక్కడి సుప్రీంకోర్టు సిటిజన్స్ యునైటెడ్ కేసులో అయిదుగురికి నలుగురు తేడాతో ఒక తీర్పు చెప్పింది. అభ్యర్థి చేతికివ్వకుండా విడిగా ఖర్చు పెడితే కంపెనీల డబ్బుకి హద్దు పెట్టకూడదట, అది భావప్రకటన స్వేచ్ఛట. రూపాయి మాట్లాడుతుందని మన ముసలమ్మలకు ముందే తెలుసు. దానికి రాజ్యాంగ హక్కులున్నాయని మాత్రం తెలీదు.

మన దేశం ఇంకో అడుగు వేసింది. కంపెనీలు పార్టీలకు చందాలివ్వడాన్ని 1969లో నిషేధించారు, 1985లో మళ్లీ తెరిచారు. మూడేళ్ల సగటు లాభంలో నూటికి ఏడున్నర మించకూడదన్న హద్దు కూడా ఉండేది. 2017లో ఆ హద్దు తీసేశారు. 2018 జనవరిలో ఎన్నికల బాండ్లు వచ్చాయి. కొన్నవాడెవడో, పుచ్చుకున్నదెవరో ఓటరుకి తెలియదు. అమ్మే హక్కు ఒక్క స్టేట్ బ్యాంకుకే. ఆ ముందు ఏడే, 2017 ఏప్రిల్‌లో, ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీలో 1941 నుంచి ఉన్న మన హైదరాబాద్ స్టేట్ బ్యాంకుని అందులో కలిపేశారు. ఉస్మానియా సిక్కా నడిపిన బ్యాంకు అది. బోర్డు మార్చిన రోజు నేను అటు నడిచాను. పాత ఖాతాదారు ఒకాయన మెట్ల మీద నిలబడి పైకి చూస్తున్నాడు.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీలు ఏకాభిప్రాయంతో బాండ్ల పథకాన్ని కొట్టేశారు. అప్పటికి 16,518 కోట్ల బాండ్లు అమ్ముడుపోయాయి. మార్చిలో పేర్లు బయటికొచ్చాయి. దేశంలో రెండో పెద్ద కొనుగోలుదారు మన హైదరాబాద్ కంపెనీయే, మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. ప్రాజెక్టులు కట్టే కంపెనీ. పుచ్చుకున్నవాళ్ల వరసలో మొదటి పేరు బీజేపీ, ఆరు వేల కోట్ల పైచిలుకు. తెలంగాణ ఒక్క రాష్ట్రంలో ఏలుతుండిన బీఆర్ఎస్‌కి 1,200 కోట్ల పైచిలుకు, దేశంలో నాలుగో స్థానం. ఎవరికి ఏ పని కోసం ఇచ్చారో నేను చెప్పను, చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు. అది లేకుండా చూడడమే గదా ఆ పథకం.

ఇప్పుడు మా బ్యాంకు లెక్క చూడండి. వెనకబడ్డ ముస్లింలకు చదువులో, ఉద్యోగాల్లో 2004లో అయిదు శాతం అన్నారు, హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ తెచ్చారు, మళ్లీ కొట్టేసింది. 2007లో నాలుగు శాతం చేసి, పేదకులాల్ని లెక్కించి చట్టం చేశారు. 2010లో అదీ కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. నాలుగు శాతానికి ఆరేళ్లు, ఇన్ని మెట్లు. బాండ్లకు? బడ్జెట్‌తో పాటు వచ్చిన ఒక్క ఫైనాన్స్ బిల్లు చాలింది. దాన్ని ద్రవ్య బిల్లు అన్నారు గనక రాజ్యసభ అడ్డుకునే అవకాశం కూడా లేదు. రాజకీయాల్ని శాసించే ముఠా ఎవరిదో మీరే చెప్పండి.

నాంపల్లిలో మా హజ్ హౌస్ ఉంది. వక్ఫ్ బోర్డు ఆఫీసు అందులోనే. దానికి ఒకవైపు గాంధీభవన్, ఇంకొంచెం నడిస్తే మజ్లిస్ వాళ్ల దారుస్సలాం, ఇటు తిరిగితే పబ్లిక్ గార్డెన్స్ పక్కన అసెంబ్లీ. అధికారమంతా అరగంట నడకలో ఉంది. ఇంత దగ్గరగా ఉండీ మేం కాపాడుకోలేనిది మణికొండ.

మణికొండలో హజ్రత్ హుసేన్ షా వలీ దర్గా భూమి 1,654 ఎకరాల 32 గుంటలని వక్ఫ్ బోర్డు 2006లో గెజిట్‌లో వేయించింది. 1989 గెజిట్‌లో ఉన్నది మాత్రం ఐదున్నర వేల గజాలే. అప్పటికే సర్కారు ఆ భూముల్ని పరిశ్రమలకూ సంస్థలకూ పంచేసింది. లాంకో, ఇన్ఫోసిస్, మైక్రోసాఫ్ట్, బిజినెస్ స్కూల్. చమత్కారమేమంటే మా ఉర్దూ యూనివర్సిటీ కూడా అందులోనే. 2012లో హైకోర్టు వక్ఫ్ బోర్డు వైపు చెప్పింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు అది జాగీరు భూమి, జాగీర్ల రద్దుతో సర్కారుకే చెందిందని తేల్చింది. నేను లాయర్ని కాను, తీర్పుని తప్పనను. ఒక మాట మాత్రం అడుగుతాను. కేసు నడుస్తుండగానే అద్దాల మేడలు లేచాయి. అదే కేసులో ఉన్న భూమి మీద ఒక పేద సాయిబు రేకుల షెడ్డు వేస్తే ఎన్ని రోజులు నిలిచేది?

మావాళ్ల పాపం దాచను. కబరస్తాన్ ప్లాట్లు చేసి అమ్మిన ముతవల్లీలు మాలోనే ఉన్నారు. పదకొండు రూపాయల కిరాయికి మల్గీలు రాసిచ్చి లోపల వేరే పుచ్చుకున్నవాళ్లూ మాలోనే ఉన్నారు. 2017 నవంబర్‌లో సర్కారు హజ్ హౌస్‌లో వక్ఫ్ రికార్డుల గదులకు సీళ్లు వేసింది. రికార్డులు మాయమవుతున్నాయి, కాపాడతామన్నారు. మాయం చేసేవాళ్లున్నారని మాకూ తెలుసు. గది మూస్తే కాగితాలు భద్రమే. కోర్టులో కాగితం చూపించాల్సినవాడి సంగతి? ఆ రోజుల్లో ఒక ముసలాయన చేతిలో ఉర్దూలో రాసిన ముంతఖబ్ నకలు పట్టుకుని కింద వరండాలో కూర్చుని ఉండేవాడు. ఏదో ఊరి మసీదు చెరువు కింద ఆరెకరాల సంగతి. నేను తెలుగు పత్రికవాణ్ణని తెలిశాక, "బేటా, ఇది తెలుగులో రాసిపెట్టు, ఆర్డీవో సాబుకి ఉర్దూ రాదట" అన్నాడు. రాసిపెట్టాను. అంతకుమించి నా చేతిలో ఏముంది?

ఆ మెట్‌కాఫ్ పుస్తకం కొన్న రోజు సంగతి చెప్పి ఆపుతాను. అమ్మేవాడు మా వయసువాడే, ఉర్దూ తప్ప చదవలేడు. గంటసేపు కూర్చుని చదివినందుకు కోప్పడకుండా, పుస్తకం న్యూస్‌పేపర్లో చుడుతూ అడిగాడు.

"ఏముంది సాబ్ ఇందులో?"

"అప్పుల లెక్కలు భాయ్. సర్కారువి."

"తీర్చారా?"

"తీర్చారు. గుంటూరు, బెజవాడ, రాజమండ్రి, విశాఖపట్నం శిస్తు కింద రావలసింది రాసిచ్చి తీర్చారు."

"మన దగ్గర ఏం మిగిలింది మరి?"

నేను చార్మినార్ అన్నాను. వాడు నవ్వి, వంద నోటుకి చిల్లర లేదు, పక్క దుకాణంలో అడగమన్నాడు.